వాగు అవతలి సైరన్

పదవీ విరమణకు ముందటి ఏడాది, వానాకాలం మొదలయ్యే వేళ నన్ను విపత్తు నిర్వహణ విభాగం సాంకేతికాధికారిగా ఉట్నూర్‌కు వేశారు. ఫోన్ సిగ్నల్ లేని ఊళ్లలో హెచ్చరిక రిసీవర్లు అమర్చి, ప్రయోగాత్మకంగా నడపడం నా పని. బండ్లకు దారి చూపే ఉపగ్రహాల సంకేతాలతోపాటే హెచ్చరిక కూడా దిగివస్తుంది. రిసీవర్‌కు తానున్న చోటు తెలుసు కనుక, ఆ చోటికి ముప్పు ఉంటేనే సైరన్ మోగి, తెర మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి.

వాగు అవతలి గూడెంలో దాన్ని ఆశా కార్యకర్త సోంబాయి ఇంట్లో బిగించాం. ఆమె భర్త మారుతి శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పనికి పోయి, పండుగలకే వచ్చేవాడు.

“సారూ, దీంట్లకెల్లి మా ఆయనకు మాట పోతదా?” అని అడిగింది.

“పోదమ్మా. ఇది వింటది గాని మాట్లాడదు,” అన్నాను.

ఆమె కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

ఆ శ్రావణంలో ఎగువన కుండపోతగా కురిసింది. మేము కోరగానే ఉపగ్రహ కేంద్రం నుంచి హెచ్చరిక వెలువడింది: వాగు పొంగుతుంది, వెంటనే గుట్ట మీది బడికి వెళ్లండి. మరునాడు పొద్దున, వరద సంగతి విని సెలవు పెట్టి బయల్దేరిన మారుతి తడిసిన బట్టలతో మా ఆఫీసుకు వచ్చాడు.

“మా గూడెపోళ్లకు కబురందిందా సారూ?”

“పంపినం.”

“పంపిన్రు సరే. అందిందా?”

ఇద్దరం జీపులో వాగు దాకా వెళ్లాం. అవతల పల్లపు ఇళ్లకు కప్పులే కనిపిస్తున్నాయి. మారుతి భార్యను పేరు పెట్టి పిలిచాడు. ఆ హోరులో పక్కనున్న నాకే సరిగా వినపడలేదు. చాలాసేపటికి బడి వెనక నుంచి మనుషులు ఒక్కొక్కరే ముందుకు వచ్చారు.

“గామెనే,” అన్నాడు మారుతి, వాళ్లలో ఒకామెను చూపిస్తూ.

మొహాలు ఆనవాలు పట్టలేనంత దూరం. ఎట్లా తెలిసిందని అడిగితే, “నడక సారూ,” అన్నాడు. తువ్వాల తీసి ఊపాడు. అటునుంచి ఆమె చెయ్యెత్తింది. నీరు తగ్గేదాకా అతను గట్టు వదల్లేదు.

దాటి వెళ్లాక తెలిసింది. సైరన్ మోగగానే సోంబాయి ఇంటింటికీ తిరిగి చెప్పింది. కదలనన్న ఒక ముసలాయన మేకను ఆమె ముందుగా తోలుకుపోతే, ఆయన తిట్టుకుంటూ వెనకే గుట్టెక్కాడు. ఇళ్లు కూలాయి; మనుషులంతా దక్కారు. సెలవు అయిపోగానే మారుతి మళ్లీ శ్రీరాంపూర్ బస్సెక్కాడు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ముసురు పట్టిన రోజున ఆ గట్టు మీదికి మనసు పోతుంది. అక్కడ నేర్చుకున్నది మాత్రం ఒక్కటే. అవతలి మనిషిని కళ్లారా చూసేదాకా నివేదికలో ‘పంపాం’ అనే రాయాలి, ‘అందింది’ అని రాయకూడదు. ఆ తర్వాత మిగిలిన సర్వీసులో అట్లాగే రాశాను.