ఉప్పు కలిపిన సున్నం

పిడుగురాళ్లలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే అమ్జద్‌కు చదువు చిన్నప్పుడే ఆగిపోయింది గానీ చేతులు మాత్రం ఆగలేదు. వెదురు గడకు టీవీ యాంటెనా కట్టి, బొమ్మ కుదిరేదాకా మిద్దె మీద తిప్పుతూ నిలబడిన పిల్లవాడు ఆయన. ఇప్పుడు తిప్పేది పాలపొడి డబ్బా.

ఆయన ఇల్లు క్వారీ రాళ్లగుట్ట వెనక పల్లంలో ఉంది. అక్కడ ఫోనుకు సిగ్నల్ అందదు. బజారులో ఆయన కొట్టుకు నెట్ ఉంది, ఆ కొట్టు మిద్దె మీద నుంచి చూస్తే ఇంటి మిద్దె కనపడుతుంది. ఆ చూపు చాలనుకున్నాడు. రెండు మిద్దెల మీదా ఖాళీ పాలపొడి డబ్బాలను ఎదురెదురుగా బిగించి, లోపల రాగి తీగ ముక్క నిలబెట్టి, కొట్టులోని వైఫైని ఇంటిదాకా పంపాడు. మొదట్లో గాలి వీస్తే చాలు, పోయేది. డబ్బా పొడవు పెంచాడు. తీగను కాస్త కాస్త కత్తిరించి చూశాడు. సున్నపు బట్టీల దుమ్ము లోపలికి పోకుండా మూతికి ప్లాస్టిక్ మూత బిగించాడు. చివరికి లైను నిలబడింది.

దాని మీదే కూతురు ఆస్మా రోజూ పొద్దున్నే ఎక్కడో దూరదేశపు పిల్లలకు లెక్కలు చెబుతోంది. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం.

రంజాన్ దగ్గరపడుతుండగా ఆ లైను సరిగ్గా పాఠం వేళకే తెగడం మొదలైంది. మధ్యాహ్నానికి మళ్లీ బాగానే ఉండేది. ఇంకోసారి పాఠం మధ్యలో ఆగితే వేరేవాళ్లను పెట్టుకుంటామని కంపెనీవాళ్లు చెప్పేశారు. అమ్జద్ పగలు ఇంటి మిద్దె మీది డబ్బాను తిప్పి తిప్పి, సిగ్నల్ నిండుగా రాగానే మరలు బిగించేవాడు. తెల్లారితే మళ్లీ అదే తంతు.

ఒక పొద్దున పాఠానికి ముందే మిద్దె ఎక్కాడు. మంచుకు డబ్బా తడిసి ఉంది. దాని మీద తెలుపు ఆయన రోజూ చూసేదే. పిడుగురాళ్లలో తెల్లబడని వస్తువేముంది, బట్టీ దుమ్మే అనుకునేవాడు. ఇప్పుడు మూత మీద చెయ్యి పెడితే వేళ్లకు ముద్దగా అంటుకుంది. ఏదో తోచి నాలుక చివర రాసుకున్నాడు. ఉప్పగా తగిలింది.

తల్లి సయీదా కొద్దిరోజుల కిందటే పండక్కని ఇంటికి తానే వెల్ల వేసింది. మిద్దె మీద నుంచే ఆమెను కేకేసి, డబ్బాకూ, దాని మూతక్కూడా కొట్టావా అని అడిగాడు.

"కొట్టాన్రా. పిట్టగోడంతా తెల్లంగా ఉండి, అదొక్కటే తుప్పు మొహమేసుకుంటే ఏం బాగుంటది?"

"ఉప్పేశావా అమ్మీ?"

"ఉప్పెయ్యకుండా సున్నం నిలుస్తదా? డబ్బాలు కట్టడం తప్ప నీకేం తెలుసురా!"

అమ్జద్ పిట్టగోడకు ఆనుకుని కూలబడ్డాడు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఉప్పుసున్నం రాత్రి మంచునంతా పీల్చుకుని, పొద్దునపూట మూతి దగ్గర సిగ్నల్‌కు తడిగోడలా అడ్డం నిలుస్తోంది. ఎండకు ఆరాక దారి ఇస్తోంది. తాను వెతికిందంతా ఆరిన పూటే.

మూతను కడిగి, లుంగీ చెంగుతో పొడిగా తుడిచాడు. కాసేపటికి కింద గదిలోంచి ఆస్మా గొంతు వినపడింది. ఎవరో పిల్లవాడికి భిన్నాలు చెబుతోంది. మధ్యలో వాడు నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. ఎక్కడా తెగలేదు. పాఠం అయ్యేదాకా అమ్జద్ మిద్దె దిగలేదు.

తర్వాత సయీదా పైకొచ్చి, బోసిగా ఉన్న మూతను చూసి మొహం చిట్లించింది.

"డబ్బాకు ఎన్ని పూతలైనా వేసుకో అమ్మీ. మూతి జోలికి మాత్రం రాబాక."

ఆమె ఊరుకోలేదు. అందుకని మిగిలిన సున్నంతో డబ్బా వొంటికి ఇంకో పూత ఆయనే వేశాడు, మూతి దగ్గర కుంచెను జాగ్రత్తగా ఎత్తిపట్టి.