గోదావరి అవతలి వజీఫా

మా ఆయన ఎప్పుడు వజీఫా మీద పోవాలన్న సంగతి ఊళ్లో అందరితోనూ చర్చించారు, ఒక్క నాతో తప్ప. వజీఫా అంటే పింఛనే. మా దిక్కు ఆ రోజుల్లో పింఛనన్న మాట ఇంకా ఎవరి నోటికీ అలవాటు కాలేదు. మంగలిని అడిగారు, స్టేషను మాస్టరును అడిగారు, కల్లు కాంట్రాక్టరు అరుగు మీద కూర్చుని ఆయన్నూ అడిగారు. నాకు మాత్రం ఏ కబురైనా బావి దగ్గరే తెలిసేది. "సారు ఇగ నౌకరి ఇడ్సిపెడ్తడంట గద అమ్మా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. "అవునంట" అని బిందె చంకన పెట్టుకుని వచ్చేసేదాన్ని. ఇంట్లో అడిగితే "ఇంక ఏం ఖరారు గాలె, నువ్వు జర ఊకో" అనేవారు.

మంచిర్యాల అవతల ఒక తాలూకా ఊరి తహసీలు కచేరిలో ఆయన గుమాస్తా. నిజాం రోజుల్లో చేరారు. ఆయన ఉర్దూ రాత చూసి పెద్ద పెద్ద అధికార్లే ముచ్చటపడేవారట. ఈ ముక్క నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నిజాం రాజ్యం పోయింది, తర్వాత హైదరాబాదు రాష్ట్రమూ పోయింది, మేమంతా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాం. కచేరిలోకి ఇంగ్లీషు వచ్చింది. మా ఆయన కూడా పట్టుదలగా ఒక ఇంగ్లీషు వాచకం కొనుక్కొచ్చారు. ఇన్నేళ్లూ కుడి నుంచి ఎడమకు చదివిన అలవాటు కదా, పుస్తకం ఎప్పుడు పట్టుకున్నా వెనక అట్ట నుంచే తెరిచేవారు. మా చిన్న బిడ్డ పక్కన కూర్చుని "గటు గాదు బాపూ, ఇటు" అని తిప్పి పెట్టేది. ఆ చదువు రెండో పాఠం దాటలేదు.

నేను చెప్పింది ఒకటే. యాభై అయిదు నిండేదాకా కొలువు ఉంటుంది. అందుకు ఇంకా మూడేళ్లుంది. ఈలోగా చిన్నదాని చదువు ఒక ఒడ్డుకు చేరుతుంది, వజీఫా కూడా కాస్త ఎక్కువ వస్తుంది. "గా మూడేండ్లు ఎట్లనో అట్ల గడుపుండ్రి" అన్నాను. "గడపక ఏం జేస్త?" అన్నారు. ఆ మాటన్న వారానికే మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా "దరఖాస్తు ఇచ్చొచ్చిన" అని గుమ్మంలో నిలబడ్డారు.

జరిగిందేమిటంటే, కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు ఆయన రాసిన కాగితం మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, ఎవరిచేతనైనా ఇంగ్లీషులో రాయించుకుని తెమ్మన్నాడట. సర్వీసు పాతికేళ్లు నిండినవాళ్లు కావాలనుకుంటే ముందే వజీఫా మీద పోవచ్చని రూలుంది. ఈయన దాన్ని పట్టుకున్నారు. నెలల తరబడి ఊరందరి సలహా అడిగిన మనిషి, తీరా చేసేనాడు ఎవర్నీ అడగలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ పూట అన్నం పెట్టి, కూర వేయడం మరిచిపోయాను. ఆయన ఉత్త మజ్జిగ పోసుకుని తిన్నారు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మాకు కరగడానికి కొండలు కూడా లేవు. కరీంనగర్‌లో మా అన్న తన ఇంటి ముందు భాగంలో రెండు గదులిచ్చి, కిరాయి మాటెత్తలేదు కాబట్టి అక్కడికి చేరాం. వజీఫాతో ఇల్లు నడపడమంటే ముందు దేన్ని మానుకుందామా అని ఇల్లంతా వెతుక్కోవడమే. పాలు సగం చేశాను. రాత్రిపూట బియ్యం మానేసి మక్కజొన్న రవ్వతో గటుక మొదలుపెట్టాను. చాకలికి ఆయన బట్టలే వేసి, మావి నేనే ఉతికాను. ఇవేవీ నాకు కష్టమనిపించలేదు. నా ఒళ్లు మండింది వేరే సంగతికి.

ఏ ఊరి ఖజానా నుంచి వజీఫా తీసుకుంటారని సర్కారు ముందే అడుగుతుంది. మనిషి ఎక్కడ ఉండబోతే అక్కడి ఖజానా చెప్పుకుంటాడు. అది లోకంలో అందరూ చేసే పని. మా ఆయన మాత్రం తన పాత కచేరిలోని ఖజానాయే కావాలని రాసిచ్చి వచ్చారు. దాంతో ప్రతి నెలా కరీంనగర్ నుంచి పెద్దపల్లికి బస్సు, అక్కణ్నుంచి గోదావరి దాటి మంచిర్యాలకు ప్యాసింజరు బండి, దిగి మళ్లీ బస్సు. రాత్రి అక్కడే ఎవరింట్లోనో పడుకుని, మర్నాడు అదే దారిన వెనక్కి.

"గిట్లెందుకు జేసిన్రు?" అని అడిగాను.

"కరీంనగర్ల నన్నెవలెరుగుదురే? కిటికీ కాడ నిలవడితె నువ్వెవనివని అడుగుతరు. గా కచేరిల అడుగు పెడితె కుర్సీ ఏస్తరు."

"గా కుర్సీకి నెలనెల బస్సు కిరాయి, రైలు కిరాయి కట్టుడేంది?"

"నీకు సమజ్ గాదు" అన్నారు. నిజమే, నాకు అర్థం కాలేదు.

ఒక్క కిరాయే అయితే ఎట్లాగో ఓర్చుకుందును. ఆయన వట్టి చేతులతో పోరు. ముందురోజే నేను పొయ్యి దగ్గర కూర్చుని, గిన్నె గిన్నెకూ బియ్యప్పిండి అద్ది, సర్వప్పలు కాల్చి డబ్బా నింపాలి. మా ఇంట్లో గటుక, కచేరివాళ్లకు పల్లీలేసిన సర్వప్పలు. శేర్వాణీ ఇస్త్రీకి పోవాలి. అక్కడికి పోయాక చప్రాసీ మొదలు అందరికీ చాయ్ తాగించాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. తిరిగొచ్చాక రెండు రోజులు అక్కడి ముచ్చట్లే. ఎవరికి బదిలీ అయింది, ఎవరి మీద అర్జీ పడింది, ఏ మిసలు, అంటే ఫైలు, దొరక్క కచేరి అంతా తలకిందులైతే తాను ఫలానా బీరువాలో చూడమని చెప్పారు. "నేను పోకపోతె వాండ్లు ఇప్పటికీ దేవులాడుతుందురు" అనేవారు. ఇక్కడ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం ఆయనకు తెలియదు.

ఇట్లా రెండేళ్లు గడిచాయి. చిన్నది చదువులో చురుకు. హన్మకొండలో టీచర్ ట్రైనింగుకు సీటు వచ్చింది. హాస్టలు ఖర్చు నెలనెలా పంపాలి. ఎటు సర్దినా, ఆ ఖర్చు ఈయన ప్రయాణంలోంచే రావాలి తప్ప ఇంకో దారి లేదు. మా అన్న మెత్తగానే చెప్పాడు. "బావా, ఈడి ఖజానాకు మార్పిచ్చుకో. బిడ్డ పంతులమ్మ అయితది." "వచ్చే నెల పోయినప్పుడు దరఖాస్తు ఇస్త" అన్నారు ఈయన. ఆ వచ్చే నెల వచ్చింది, పోయింది. "సాబు లేడు." మరో నెల, "గాళ్లందరు జమాబందీ లెక్కల పనిల ఉన్నరు, ఎట్లడుగుత?" చిన్నది ట్రంకు పెట్టె తుడిచి, గోడవార పెట్టి, దాని మీదే కూర్చుని చదువుకునేది. ఆ పెట్టె చూసినప్పుడల్లా నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చేవి.

ఆ వానకాలం ఆయనకు జ్వరం పట్టుకుంది. తగ్గాక కూడా నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేవారు. వజీఫా మాత్రం మనిషి స్వయంగా పోతేనే ఇస్తారు. నేనూ బయల్దేరాను. ఆయనకు తోడు కోసమని పైకి చెప్పాను గానీ, ఈసారి దగ్గరుండి ఆ మార్పు దరఖాస్తు ఇప్పించకుండా తిరిగి రావద్దని లోపల గట్టిగా అనుకున్నాను. అంత నీరసంలోనూ శేర్వాణీ వేసుకున్నారు. సర్వప్పలు చేయనన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. చేశాను.

కచేరి వరండాలో బెంచీ మీదున్న చప్రాసీ లేవలేదు. కొత్తవాడు కాబోలు. ఖజానా గదిలో, ఈయన రాగానే కుర్చీ వేయించే పాత స్నేహితుడి చోట వేరే మనిషి కూర్చున్నాడు. కృష్ణా జిల్లా దిక్కునుంచి వచ్చాడేమో, మాట తీరు అట్లా ఉంది. "ఆయన పోయిన నెలాఖరుకే రిటైరయ్యారండీ" అన్నాడు. ఆ కబురు ఈయనకు ఎవరూ చెప్పలేదు. గుమాస్తా కాగితాలు తీసి చూసి, "మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు.

మా ఆయన నవ్వారు. "నన్నా? గీ కచేరిల నన్నెరుగనోడు ఎవడున్నడు బాబు?" అని వెనక్కి తిరిగారు.

అన్ని బల్లల దగ్గరా మనుషులున్నారు. సగం మంది కొత్త మొహాలే. మిగిలినవాళ్లు ఫైళ్లలోకి వంగారు. ఒకాయన మాత్రం తలెత్తి చూసి, "సర్వప్పలు తెచ్చే ముసలాయన గద" అన్నాడు. "పేరు నాకు దెల్వదు. సంతకం బెట్టి సాక్ష్యమియ్యమంటె నాతోని గాదు సార్, రేపు ఏమన్నయితె నా మెడకు సుట్టుకుంటది."

నా చేతిలో ఇంకా ఆ డబ్బా నిండుగానే ఉంది. "నేను జెప్తున్న" అన్నాను. "ఈయన నా పెనిమిటి."

"మీరు చెబితే చెల్లదమ్మా. రూలు అలా ఉంది."

ఇక నేను ఊరుకోలేకపోయాను. "నాకంటె ఎక్కువ ఈయన్ని ఎరిగినోళ్లు ఎవలుంటరయ్యా? ఇన్నేండ్లు కాపురం జేసిన. ఈయన మొండితనం ఎరుగుదు, గురక ఎరుగుదు, గీ కచేరి పిచ్చి ఎరుగుదు. గీళ్లు తిన్న సర్వప్పలన్ని నా చేతితోని కాల్చినయే. తిన్నోళ్లకు పేరు దెల్వదు, కాల్చినదాని మాట చెల్లదా?"

ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు, చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, "తప్పుగా అనుకోకండమ్మా. గుర్తింపు కింద ఎడమ భుజం మీద కాలిన మచ్చ అని ఇందులో ఉంది. అది చూపిస్తే చాలు" అన్నాడు.

మా ఆయన శేర్వాణీ గుండీల మీద చెయ్యి వేశారు. గొంతు దగ్గర మొదటిదే ఊడిరాలేదు. బజార్లో ఆయన పక్కన నడవడానికే సిగ్గుపడేదాన్ని, అంతమంది మగవాళ్ల ముందు నేనే దగ్గరికి పోయి ఒక్కొక్క గుండీ విప్పాను. లోపల బనీను భుజం దగ్గర చిరిగి ఉంది. కుట్టాలనుకుంటూనే మరిచిపోయాను. ఆ చిరుగులోంచే మచ్చ కనబడింది. గుమాస్తా ఒక్కసారి చూసి, "చాలండీ, చాలు" అని తల దించుకున్నాడు.

మార్పు సంగతి నేను ఎత్తలేదు. ఆయనే అడిగారు, "కరీంనగర్ ఖజానాకు మార్చాలంటె ఏం రాయాలె?" అని. ఆ గుమాస్తాయే ఇంగ్లీషులో రాసిపెట్టాడు. కింద మా ఆయన ఉర్దూలో సంతకం చేశారు. బయటికొచ్చాక వరండాలో ఆగకుండా నడిచారు. డబ్బా మాతోనే వెనక్కి వచ్చింది. రైల్లో చప్పబడిపోయిన సర్వప్పలు నేనూ ఆయనా తిన్నాం. బాగున్నాయని అన్నారు. ఇన్నేళ్లలో అవి ఎట్లా ఉంటాయో ఆయన తిని చూడడం అదే మొదలనుకుంటాను.

రెండేళ్లు పోరి గెలిచాను. చిన్నది ట్రంకు పెట్టెతో హన్మకొండ పోయింది. సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ కోపం మాత్రం ఎటూ పోలేదు. ఇంతకాలం ఆయన మీద పెట్టుకున్నదాన్ని ఇప్పుడెవరి మీద పెట్టాలో తోచక, ఇంట్లో గిన్నెలు ఎత్తిపడేసేదాన్ని.

కరీంనగర్ ఖజానాలో మొదటి వజీఫా రోజు వచ్చింది. ఆయన లాల్చీ వేసుకుని గదిలోంచి వచ్చారు. శేర్వాణీ ఏదని నేను అడగలేదు, వెంట బయల్దేరాను. అక్కడ కిటికీ ముందు పెద్ద వరుస ఉంది. వెళ్లి చివర నిలబడ్డారు. ఎండ పడకుండా గోడపక్కకు రమ్మని పిలుద్దామని చూస్తే, లాల్చీ గుండీలన్నీ అప్పటికే విప్పుకుని, ఎడమ భుజం సగం బయటికి తీసి పెట్టుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "గిదేంది? ఇంక మన వంతు రాలే గద" అన్నాను.

"వచ్చినంక ఎట్లన్న జూపియ్యాలె గద" అన్నారు, వరుసలో ముందున్నవాడి వీపు వైపే చూస్తూ.

"వచ్చినంక జూద్దాం" అని లాల్చీ భుజం మీదికి లాగి, గుండీలు పెట్టాను.