పంటి నొప్పికి మింగిన గోలీలు

కిందటేడు యాసంగి కోతలప్పటి మాట. మాది చొప్పదండి దగ్గర ఒక పల్లె. మా బాపు వడ్ల కొనుగోలు కేంద్రంలో మా కుప్ప దగ్గర కాపలా ఉన్నాడు. దవడ పన్ను నొప్పితో చెంప వాచిపోయింది. మెడికల్ షాపులో తెచ్చుకున్న నొప్పి గోలీలను వారం నుంచి ఉత్త చాయ్‌తోనే మింగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం నేను సద్ది పట్టుకెళ్లాను.

"రెండు బుక్కలన్న తిను బాపూ. కరీంనగర్ పోయి పన్ను పీకించుకుందువు, నడువు."

"నమలొస్తలేదు బిడ్డా. మబ్బు పట్టింది, వడ్ల కాంటా కానియ్యి. గోలీ ఏస్కుంటే జర నిమ్మలమైతది."

గోలీ మింగి లేవబోయినవాడు పొట్ట పట్టుకుని వంగిపోయాడు. నల్లటి రక్తం భళ్లున వడ్ల మీద కక్కాడు. పక్క కుప్పల రైతులు పరుగెత్తుకొచ్చి ఆటో ఎక్కించారు. దారిలో నా ఒళ్లో తల పెట్టుకుని, "కుప్ప మీద పరదా కప్పిండ్రా?" అని అడిగాడు. మళ్లీ మాట్లాడలేదు.

ఖాళీ కడుపున అన్ని గోలీలు మింగడంతో కడుపులో పుండు పడి రక్తం పోయిందని డాక్టర్ చెప్పారు. రక్తం ఎక్కించినా బాపు దక్కలేదు.

పంటి నొప్పితో మనిషి పోతాడా అని చుట్టాలు నమ్మలేదు. కళ్లారా చూడకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు ఎవరైనా చెంప పట్టుకుని కనబడితే, తిట్టయినా సరే పంటి డాక్టర్ దగ్గరికి పంపిస్తున్నాను.