ఓడినోడే చెప్పాలె

మా డ్రిల్ సారు పోయారని పోయిన ఆదివారం పొద్దున గోప్యా ఫోన్ చేశాడు. "అన్నా, సారు పోయిండు" అన్నాడు. "నీకెవరు చెప్పిండ్రు?" అని అడిగాను. చావు కబురు వింటే ఎవరైనా అయ్యో అంటారు. నేను సాక్ష్యం అడిగాను. నస్రుల్లాబాద్‌లో ఎరువుల దుకాణం నాది. బస్తా దిగితే కుట్టు తడిమి చూడందే లోపల పెట్టనివ్వను. దేవుడు ఎదురొచ్చినా రేషన్ కార్డు చూపమంటానని మా ఆవిడ వెక్కిరిస్తుంది.

కానీ గోప్యా అబద్ధమాడే మనిషి కాదు. దుకాణం మూసి, బండి తీసి బాన్సువాడ దారి పట్టాను. సారు ఇంటి గడప తొక్కి పదేళ్ళయింది. ఎందుకు తొక్కలేదో ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

తొంభైల్లో మా ఊళ్ళో కబడ్డీ తెలుసు, కుస్తీ తెలుసు. బాక్సింగ్ ఎవరికీ తెలియదు. సారే బడి మైదానంలో నాలుగు బొంగులు పాతి, చుట్టూ ఎడ్ల పగ్గాలు కట్టి, ఇదే రింగు అన్నారు. పదకొండు మందిమి చేరాం. ఉన్నవి రెండు జతల గ్లౌజులు, అవీ అతుకులు పడ్డవి. ఇద్దరు దిగితే మిగతా తొమ్మిదిమంది చూస్తూ నిలబడాల్సిందే. గ్లౌజుల తాళ్ళు సారు మరొకరిని కట్టనిచ్చేవారు కాదు. రెండు ముళ్ళు వేసి, ఒక్కో గ్లౌజు మీద రెండుసార్లు తట్టి పంపేవారు. నల్ల బూటు లేసుకు కట్టిన విజిల్ ఎప్పుడూ మెడలో ఉండేది. తిట్టినప్పుడు కూడా గొంతు పెంచేవారు కాదు. నాకు అదీ అనుమానంగానే ఉండేది, ఇంత నెమ్మదస్తుడు లోపల ఏం దాస్తున్నాడా అని.

ఇంగ్లీషు పేపర్లో ఆటల పేజీ తెచ్చి మాకు తెలుగులో చదివి చెప్పేవారు. ఆ ఏడు ప్రపంచంలో ఏ బాక్సరు గొప్పవాడని ఎక్కడెక్కడివాళ్ళో వాదులాడుకునే సంగతులు అందులో ఉండేవి. "వాళ్ళు కొట్లాడంగ లేంది మనం కొట్లాడొద్దా?" అని మాకూ ఒక ఫైటర్ ఆఫ్ ది ఇయర్ పెట్టారు. ఏడాది చివరి ఆదివారం మైదానంలో గుండ్రంగా కూర్చునేవాళ్ళం. అందరి మాటా విని సారు నెగ్గాడన్నవాడి పేరు ఆటసామాన్ల గది గోడ మీద సున్నంతో రాసేవారు. నిజామాబాద్ సెలక్షన్లకు సారు ముందు నిలబెట్టేది ఆ పేరున్నవాణ్ణే.

ఆ వాదనకు ఒకే నియమం. నీ గురించి నువ్వు మాట్లాడకూడదు. నీకిష్టమైనవాడి గురించీ మాట్లాడకూడదు. నిన్ను ఎవడు ఓడించాడో వాడి తరఫునే చెప్పాలి. "గెల్సినోడు నోరు మూస్కోవాలె, ఓడినోడే చెప్పాలె. నీ దెబ్బ ఎసొంటిదో నీకెర్కుండదు, తిన్నోనికి ఎర్క" అనేవారు సారు. దాంతో నిన్న పళ్ళు కొరుక్కున్నవాడే ఇవాళ లేచి వాడి ఎడమ చెయ్యి కంటికి ఆనదు సార్ అని పొగిడేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. రెండో ఏటికి దెబ్బలు తినడం కంటే ఆ మాట చెప్పడమే కష్టమని తెలిసింది.

ఇంటర్లో చేరినా బడి మైదానం వదల్లేదు. ఆ ఏడు నేను ఒక్క పోటీ కూడా ఓడలేదు. ఆఖరి పోటీ గోప్యాతో. వాడు పెద్ద కొడప్‌గల్ దిక్కు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాడు, నాకంటే ఏడాది చిన్న. మూడో రౌండులో నా దెబ్బకు పడ్డాడు, గెలుపు నాదన్నారు సారు. ఇక గోడ మీద పేరు నాదేనని ఇంట్లో కూడా చెప్పేశాను.

ఆదివారం వచ్చింది. నేను ఓడించినవాళ్ళు ఒక్కొక్కరే లేచి బాగానే చెప్పారు. గోప్యా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు, నేల చూశాడు, ఒక్క మాట చెప్పకుండా కూర్చున్నాడు. సారు వాణ్ణి రెట్టించి అడగలేదు. తర్వాత ఇంకొకడు లేచి, మాలోనే ఉన్న రైసు మిల్లు పటేలు మేనల్లుడి తరఫున మాట్లాడాడు. "నేను దడుసుకొని కండ్లు మూస్కున్న సార్, వాడు చెయ్యి ఆపిండు" అన్నాడు. అంతే చెప్పాడు. ఆ ఏడు రెండుసార్లు ఓడిన ఆ మేనల్లుడి పేరు సారు గోడ మీద రాశారు.

వారం తిరక్కుండా కొత్త గ్లౌజులు రెండు జతలు వచ్చాయి. "మిల్లు పటేల్ ఇచ్చిండు" అని సారే అందరి ముందు చెప్పారు. దాచకుండా చెప్పేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని ఒకరికి చెప్పాను, గ్లౌజులకు పేరు అమ్ముకున్నాడని. ఒకరు పదిమందికి చెప్పారు. ఆ మాట హెడ్‌మాస్టరు దాకా పోయింది. సారు ఎవరితోనూ వాదించలేదు. కొత్త గ్లౌజులు మిల్లుకు తిప్పి పంపారు. తప్పు చేయనివాడు ఎందుకు తిప్పి పంపుతాడు, అన్నాను నేను. మరుసటి ఏడు పగ్గాలు విప్పేశారు, బొంగులు పీకేశారు. గోడ మీద ఆ పేరే చివరిది.

సారు రెండుసార్లు మనిషిచేత కబురు పెట్టారు, ఒకసారి వచ్చి పొమ్మని. సర్దిచెప్పడానికి పిలుస్తున్నాడని నేను పోలేదు.

పోయిన ఆదివారం కాష్ఠం దగ్గర నుంచి తిరిగొచ్చి సారు ఇంటి అరుగు మీద కూర్చున్నాం, గోప్యా, నేను. వాడిప్పుడు చెరుకు బండ్లకు మేస్త్రీ, పిల్లల తండ్రి. వాడి కళ్ళు వాచి ఉన్నాయి. నా కళ్ళు పొడిగా ఉన్నాయి. అప్పుడు కూడా నేను లోపల లెక్క తేల్చుకుంటూనే ఉన్నాను. చివరికి అడిగాను, ఆ రోజు నోరు మూసుకోమని నీకు సారే చెప్పాడు కదా అని.

గోప్యా తల అడ్డంగా ఊపాడు.

"సారు నన్ను పొద్దుగాల్నే పిలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నడు. నేనే చెప్పనన్న. నా ఎడమ గ్లౌజు తాడు ఊడింది, యాదికుందా? చేతులు దించి సారు దిక్కు తిరిగిన. సారు ఆట ఆపనీకి విజిల్ నోట్లె పెట్టుకుండు. నువ్వు సుత సారు దిక్కు చూసినవ్ అన్నా. చూసినంకనే కొట్టినవ్."

విజిల్ మోగలేదు కదా, అన్నాను. పదేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న మాట అది.

"మోగలె. అందుకే గెలుపు నీదన్నడు. నిన్ను పది మందిల తక్కువ చేసుడు నాకు మనసొప్పలె. నువ్వు చెప్పకపోతే నేను సుత చెప్ప అన్నడు సారు. ఊరంత ఆయన్ని అంటుంటే, చెప్పేస్త సార్ అని పోయిన. నన్నంటే అననీ, వాడింకా పిలగాడు అన్నడు. నా నోట చెప్పొద్దని మాట తీస్కుండు."

నాకు ఆ దెబ్బ గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది. సారు దిక్కు చూసిన సంగతి కూడా గుర్తుంది. దాని మీద గ్లౌజుల కథ కప్పి పదేళ్ళు హాయిగా నిద్రపోయాను. అందరినీ అనుమానించినవాణ్ణి, అనుమానించాల్సిన ఒక్క మనిషిని వదిలేశాను. సిగ్గుతో అరుగు మీదే ఏడ్చాను. గోప్యా నా భుజం మీద చెయ్యి వేశాడు. అది ఇంకా కష్టమనిపించింది.

ఆ ఏడు నేను ఓడలేదనుకున్నాను గనుక ఆ చివరి ఆదివారం ఎవరి తరఫునా మాట్లాడే అవసరం నాకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. నన్ను ఓడించినవాడు మా డ్రిల్ సారు. ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. నా తప్పు తన మీద వేసుకుని, ఊరి ముందు తలవంచుకుని నడిచారు. నేను చూసినవాళ్ళలో ఆయన్ను మించిన ఫైటరు లేడు. తిన్నవాణ్ణి, నాకు తెలుసు.

లేచి వచ్చేటప్పుడు లోపలి గోడకు మేకుకు తగిలించి ఉన్నాయి, ఆ అతుకుల గ్లౌజులు. ఎడమదాని తాడు ఊడి వేలాడుతోంది. గోప్యా దాన్ని దించి చేతికి తొడుక్కుని నా ముందుకు చాపాడు. రెండు ముళ్ళు వేశాను. సారు తట్టినట్టే రెండుసార్లు తట్టబోయాను గానీ, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.