మావయ్యకి ఏం కొనాలి?

మా మావయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్నగారు, ఈ కార్తీకంలో పోయారు. ఆ పొద్దున యలమంచిలిలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే నర్సీపట్నం నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య లెగట్లేదమ్మా. కాఫీ సల్లారిపోయింది. బేగి రండి" అంది. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు సంగతి అర్థమైపోయింది. బస్సులో మా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. నేను మాత్రం, చెబితే నవ్వుతారేమో, ఈ చలికాలం మావయ్యకి కొందామనుకున్న ఉన్ని టోపీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. చెవులు కప్పేది తీసుకోవాలా, మామూలుది సరిపోతుందా అని.

నాకు ఊహ తెలియకముందే మా నాన్న పోయాడు. పాయకరావుపేటలో అమ్మా, నేనూ ఇద్దరమే పెరిగాం అనాలి. అమ్మ కూడా అప్పటికి చిన్నదే. నాన్నా అని నేను ఎవరినీ పిలిచి ఎరగను. పెళ్ళయ్యాక ఒక తండ్రికి ఏదైనా కొనిపెట్టాలన్న కోరిక నాకు పిచ్చిలా పట్టుకుంది. కానీ కొనేది కోడలు. కూతురు ఇచ్చినట్టు పుచ్చుకుంటారా, కోడలి మర్యాద అనుకుని పక్కన పెట్టేస్తారా? అదే నా బెంగ.

పెళ్ళయిన మొదటి ఆషాఢానికి పుట్టింటికి వచ్చాను. ఫాదర్స్ డే అంటూ అందరూ ఫోన్లలో నాన్నల ఫొటోలు పెట్టుకుంటున్న రోజులు. ఏటి వంతెన దాటి పక్కనే ఉన్న తుని వెళ్ళి, కొట్టువాడు చూపించిన అందమైన పెట్టె ఒకటి కొన్నాను. అందులో తోలు బెల్టు, పర్సు, పెన్ను ఉన్నాయి. రంగు కాగితం చుట్టించి, నర్సీపట్నం వెళ్తున్న చుట్టాల చేత పంపేశాను. పంపాక గుర్తొచ్చింది, మావయ్య పుట్టి బుద్ధెరిగి పంచె తప్ప కట్టలేదని. బెల్టు ఏ లాగుకి పెట్టుకుంటారు? సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు.

కొన్నాళ్ళకి, చినుకులు పడుతుండగా, మావయ్య మా వీధిలోకి వచ్చారు. పంచె మీద నడుముకి నా బెల్టు! అమ్మ కంగారుగా లోపలికి రమ్మంది. ఆయన గొడుగు ముడిచి అరుగు మీదే కూలబడ్డారు.

"లోనికి రానమ్మా. ఆషాఢం. కోడలున్న గడప దాటొద్దని మీ వదినగారు మరీ మరీ సెప్పి పంపింది."

ఆ పట్టింపు అత్తాకోడళ్ళకే గాని మామగారికి లేదని అమ్మ నచ్చజెప్పబోయింది. "ఉంటే ఉన్నాది, నేకపోతే నేదు. అరుగుకైతే ఆషాఢం నేదు కదా" అన్నారు. నేను గడపకి ఇవతల, ఆయన అవతల. నాకేసి చూసి బెల్టు తట్టి, "పంచి జారట్లేదమ్మా. పొలంలో వంగుతుంటే ఎంత సుకంగా ఉన్నాదో" అన్నారు. అది చూపించడానికే రెండు బస్సులు మారి వచ్చారని ఆయన వెళ్ళిపోయాక గాని నాకు తట్టలేదు. లోపలికెళ్ళి బాగా ఏడ్చాను.

ఆయనకి ఏం కావాలో ఆయన నోటితో రాబట్టడం ఎవరి తరమూ కాదు. ఎప్పుడడిగినా "నాకేటొద్దు" అనేవారు. కాబట్టి అడగడం మానేసి చూడడం మొదలుపెట్టాను. అప్పుడు కనిపించింది ఆయన బనీను. పూర్వం దర్జీ చేత గుడ్డతో కుట్టించుకునేవారు, పొట్ట దగ్గర పెద్ద జేబుతో. ఆ దర్జీ మిషను అమ్మేసుకున్నాక ఆయనకి కొట్లో దొరికే జేబుల్లేని బనీన్లే గతయ్యాయి. కళ్ళజోడు, బీపీ మాత్రలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పంచె రొండిన దోపుకునేవారు. కవరు జారిపోవడం, జీడితోటలో ఆకుల కింద వెతుక్కోవడం.

పాత బనీను ఒకటి కుట్లు విప్పి, దాని కొలతతో కొత్త గుడ్డ కత్తిరించి కుట్టాను. మెడ ఇరుకైపోయింది. తల సగం దూరి ఇరుక్కుపోతే లోపల్నుంచి "అమ్మా, బాగానే ఉన్నాది, కొంచెం సీకటిగా ఉన్నాది" అని వినిపించింది. అత్తయ్య నవ్వలేక చచ్చింది. తర్వాత కుట్టినవి బాగా కుదిరాయి. కుడి భుజం నొప్పి కాబట్టి ఎడమచేతికి అందేలా జేబు మార్చాను. ఆ జేబు ఆయనకి బీరువా అయిపోయింది. కళ్ళజోడు, మాత్రలు, మా పాపకి కాల్చిన జీడిపప్పు, అన్నీ అందులోనే.

మా ఆడపడుచుకి ఇది కష్టం కలిగించింది. తను విశాఖపట్నం నుంచి ఖరీదైన వాచీ తెస్తే ఆయన అది కట్టుకుని కూడా, ఇంటికొచ్చినవాళ్ళకి బనీను జేబే చూపించారు. వంటింట్లో వదిన నాతో, "మా నాన్నకేటి కావాలో నాకు తెల్దేటి? నిన్నగాక మొన్నొచ్చేవు నువ్వు" అంది. ఆమె అన్నది నిజమేననిపించింది నాకు. మావయ్య ఎలా విన్నారో విన్నారు. సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి, "వస్తువు పనికొత్తాదా నేదా అన్నది తరవాత మాట. కొన్నోలు కొట్లో నిలబడినంతసేపూ మనల్నే తలుసుకున్నారు కదా. నాకు అదిచ్చేరు మీరు" అన్నారు. తగువు తీర్చడం కాదు, నిజంగా అలాగే అనుకునే మనిషి. ఎవరు ఏమిచ్చినా ఇచ్చినవాళ్ళ ఎదుట ఒకసారైనా వేసుకునేవారు.

ఆయన్ని ఒక్కసారైనా నాన్నా అని పిలవాలని ఉండేది. నాలుక చివరిదాకా వచ్చి, మావయ్యా అనే బయటికొచ్చేది. ఆ లోటు ఇక తీరదు.

మా వైపు పెదకర్మ నాడు పోయినవారి పటం ముందు కొత్త బట్టలు పెడతారు. కూతురే తేవడం మా ఇంటి ఆనవాయితీ. ముందురోజు వదిన వాచిపోయిన కళ్ళతో నా దగ్గరకొచ్చి, "నాన్నకి బట్టలు నువ్వు తే. ఆయనకేటి నచ్చుతాదో నీకే తెలుసు" అంది. నేను తన చెయ్యి పట్టుకున్నాను.

మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టుకి ఒక్కదాన్నే వెళ్ళాను. కొట్టతను పెద్ద జరీ అంచు పంచెలు తీసి పరిచాడు. జరీ గీసుకుంటుంది, సన్న అంచు కావాలన్నాను. ఇంకొన్ని తీశాడు. గుడ్డ వేళ్ళతో నలిపి చూసి, మెత్తగా ఉన్నది పక్కన పెట్టి, మళ్ళీ మనసొప్పక ఇంకోటి చూసి, చాలాసేపు నిలబడిపోయాను.

"ఎవరికమ్మా ఇంత ఇదిగా సూత్తన్నారు?" అన్నాడు.

"మా నాన్నకి" అన్నాను.

అతను పంచె కవర్లో పెడుతూ, "మడత ఇప్పకండమ్మా. నాన్నగారికి నచ్చకపోతే తెచ్చీండి, మార్చేసి ఇత్తాను" అన్నాడు.

"నచ్చుతుందండీ. ఆయన ఎప్పుడూ ఏదీ వెనక్కి ఇవ్వలేదు."

సంచి పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద ఆగాను. వెనక కొట్టతను ఇంకో పిల్లకి పంచెలు పరుస్తూ, ఎవరికమ్మా అని అడుగుతున్నాడు.