అంకప్ప పెట్టిన రాయి

కెలమంగలం గుట్టల్లో దారి తప్పినవాడికి అంకప్పే దిక్కు. నలభై ఏళ్లు మేకలు కాసినవాడు, అక్కడి ప్రతి కాలిబాటా కొట్టిన పిండి. అంత తెలిసినవాడికి తన చెయ్యి మీద తనకు అదుపు లేకపోవడమే ఖర్మ.

నిరుడు ఒక బెంగళూరు కంపెనీ ఆ గుట్టల్ని తీసుకుంది. జీపులూ బైకులూ రాళ్ల మీద ఎగురుకుంటూ పోవడానికి బేరిగై దాకా దారులు కలపాలట. పటం గీసే మంజునాథ్ ఫోన్ పట్టుకుని వెనక, అంకప్ప ముందు.

బయలుదేరేటప్పుడే భార్య పుట్టమ్మ హెచ్చరించింది. "అన్నీ చూపీ. రాతి దొన దారి మాత్రం చూపొద్దు. ఎండాకాలం మేకలకి అది తప్ప యాడుండాయి నీళ్లు?"

"నేనేమన్నా తిక్కోణ్నా?" అన్నాడు అంకప్ప.

ఆ గుట్టల కాపరులకు ఒక మర్యాద ఉంది. నీళ్లకు పోయే దారి చీలిక దాటితే, వెనక దాహంతో వచ్చేవాడికి గుర్తుగా అక్కడి రాళ్ల కుప్ప మీద ఒక రాయి పెడతారు. మొదటిరోజే ఆ సంగతి మంజునాథ్‌కు గొప్పగా చెప్పుకున్నాడు.

మూడోరోజు, రాతిలో నీళ్లు నిలిచే ఆ దొనకు పోయే చీలిక వచ్చింది.

"ఈ పక్క దారుందా అంకప్పా?"

"ఏమీ లేదు సార్. అంతా ముళ్లకంప."

నోరు అబద్ధం చక్కగానే ఆడింది. ఈలోగా పాడు చెయ్యి వంగి, రాయి తీసి, కుప్ప మీద పెట్టేసింది. మంజునాథ్ చూశాడు, నవ్వాడు, నడిచాడు. మర్నాడు ఒక్కడే వచ్చి దొన దాకా గీత గీసుకున్నాడు.

ఎండాకాలానికి దొన చుట్టూ ఇనుప కంచె లేచింది. మేకలు బయట నిలబడి నీళ్ల వాసన చూస్తూ అరిచాయి. నాలుగు చచ్చాయి. మిగిలినవాటిని సంతలో కసాయివాడు తోలుకుపోయాడు. అంకప్పకు తిట్టడానికి తన చెయ్యి తప్ప ఎవరూ దొరకలేదు.

కంపెనీకి దయ లేదనకూడదు, ఉద్యోగం ఇచ్చింది. దొనలో మోటారు పెట్టారు. తిరిగొచ్చిన జీపుల బురదను ఆ నీళ్లతోనే అంకప్ప పైపు పట్టి కడగాలి. మంజునాథ్ వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు, ఈ దారి కనిపెట్టింది ఈ ముసలాయనేనని. వాళ్లు ఫోటోలు తీసుకుంటారు.

ఆ పనిలో మొదటిరోజు సాయంత్రం నిలువునా తడిసి ఇంటికొచ్చాడు. పుట్టమ్మ అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"పోనీలే, నీ బట్టలన్నా కడుపునిండా తాగినాయి" అంది.

అంకప్ప చొక్కా విప్పి, మేకల్లేని దొడ్డి దడి మీద ఆరేశాడు.