చేపలు నొక్కే డాక్టరుగారు

డాక్టర్ భీమశంకరరావుగారికి ఒకే ఒక్క జబ్బు: కనబడిన ప్రతిదాన్నీ వేలితో నొక్కి చూడటం. ద్వారకా నగర్ హోటల్లో ఇడ్లీని నొక్కిగాని తినేవారు కాదు. సిటీ బస్సులో సీటు నొక్కిగాని కూర్చునేవారు కాదు. ఒక పెళ్లిలో వధువు చేతిలోని కొబ్బరిబోండాం కూడా నొక్కి, "గట్టిదే" అని తేల్చాకే అక్షింతలు వేశారట. స్కానింగు డాక్టరు కదా, వృత్తి తాలూకు పిచ్చి అని జనం సరిపెట్టుకునేవారు.

సరిపెట్టుకోనిది చేపలమ్మే నూకాలు ఒక్కతే. ఫిషింగ్ హార్బరులో ఆమె గంప దగ్గరికి ఆయన రోజూ పొద్దున్నే వచ్చి, చందువల నుంచి వంజరం దాకా ఒక్కదాన్నీ వదలకుండా నొక్కేవారు. ఆరేళ్లుగా ఇదే తంతు.

"బాబూ, సేపని కొంటారా, వైద్యం సేత్తన్నారా?"

"ఇది మెత్తగా ఉంది నూకాలూ."

"మీరు నొక్కబట్టే మెత్తనయినాది!"

ఆయన నవ్వేసి ఆ మెత్తనిదే కొనుక్కుని వెళ్లేవారు. నూకాలుకు అదింకా ఒళ్లు మంట. అంతసేపు నొక్కి, చివరికి పనికిరానిది ఏరుకునే మనిషిని ఏమనాలి?

2008 చలికాలంలో నూకాలు మొగుడు సూరన్న వాలకం మారింది. అన్నం సరిగ్గా తినడు, వేటకు వెళ్లడు, ఏమైందంటే పలకడు. ఒకరోజు గంప పక్కన నిలబడి డాక్టరుగారి చెవిలో ఏదో గొణిగాడు. ఆయన వంజరం పొట్ట నొక్కుతూనే విన్నారు. చూసేవాళ్లకు బేరం జరుగుతున్నట్టే ఉంది. మర్నాడు సూరన్న చెప్పాపెట్టకుండా బయల్దేరితే, నూకాలు వెంటపడి డాక్టరుగారి స్కానింగు గది ముందు పట్టుకుంది.

"ఏటయ్యా, నాకు సెప్పకుండా ఇక్కడేటి పని?"

సూరన్న తల దించుకున్నాడు. వృషణంలో గడ్డ తగులుతోందట, రెండు నెలలైందట.

"కేన్సరేమోనే. తీసేత్తారేమో. రేవులో తెలిత్తే నాను తలెత్తుకోగలనేటి?"

"తలెత్తుకోడానికి ముందు నువ్వుండాల కదేటి!" అని కసిరి, అతని పక్కనే కూలబడింది.

స్కానింగు అయ్యాక డాక్టరుగారు ఆమెను లోపలికి పిలిచి తెర చూపించారు. "ఎలాస్టోగ్రఫీ అని కొత్తగా వచ్చింది. నా వేలు చేసే పనే ఇదీ చేస్తుంది. గట్టి చోటుకి ఒక రంగు, మెత్తని చోటుకి ఇంకో రంగు. చెడ్డ గడ్డలు చాలావరకు గట్టిగా ఉంటాయి."

"మరి మావోడిది?"

"మెత్తగా ఉంది నూకాలూ."

ఆరేళ్లలో మొదటిసారి ఆ మాటకు ఆమె పోట్లాటకు దిగలేదు.

"మిషన్ చెప్పిందొక్కటే నమ్మకూడదు. రక్తపరీక్షలు కూడా చూస్తాను," అన్నారాయన. నాలుగు రోజులకు అవీ బాగానే వచ్చాయి. కోత అక్కర్లేదు, మూడు నెలలకు మళ్లీ చూపిస్తే చాలన్నారు.

నూకాలు ఆనందం పట్టలేక నర్సు ధనశ్రీ చెయ్యి పట్టుకుంది. "రేపు సారుకి మంచి వంజరం తీసి ఉంచుతానమ్మా!"

ధనశ్రీ పకపకా నవ్వింది. "సారు సేప తినరక్కా! పప్పూ పెరుగే. నీ సేపలన్నీ మా ఆస్పత్రి వెనకాల పిల్లులే తింటన్నాయి. తాను నొక్కి నలిపింది తానే కొనాలంటారు."

"మరైతే ఆరేళ్లుగా ఆ నొక్కుడేటమ్మా?"

"ఇలాటి జబ్బుంటే మగోళ్లు సిగ్గుపడి ఇక్కడికి రారక్కా. సారు అక్కడ సేప నొక్కుతూ నిలబడితే, పక్కకొచ్చి సెప్పుకుంటారు."

గంప దగ్గర ఆయన పక్కన నిలబడ్డ మొగాళ్లందరూ నూకాలు కళ్ల ముందు మెదిలారు. "కొననోళ్లు పక్కకి జరగండి" అని ఆమె తరిమింది సరిగ్గా వాళ్లనే.

మర్నాడు డాక్టరుగారు వచ్చేసరికి, లాంచీ డ్రైవరు అర్జునరావు అప్పటికే అక్కడక్కడే తచ్చాడుతున్నాడు. నూకాలు గంపలోకెల్లా పెద్ద వంజరాన్ని ఆయన ముందుకు జరిపింది.

"నొక్కండి బాబూ, తీరిగ్గా నొక్కండి," అని వాళ్లిద్దరికీ వీపు పెట్టి కూర్చుంది.

"ఏటే నూకాలూ, సేప నలిగిపోతంది! అరవవేటి?" అంది పక్క గంప కాశమ్మ.

"నా సేప, నా ఇట్టం. నువ్వటు తిరుగు!"